బంగారు తీగ విత్తనోత్పత్తి: మగ చేప పాలకు ముందే నీరు తగలనివ్వకండి

ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం మండలాల్లో సొంత కుంటల్లో బంగారు తీగ పిల్లలు తీసే రైతులకు తరచూ వచ్చే సందేహం ఇది. తల్లి చేప మంచిదే, గుడ్లు బాగానే దిగాయి, మగ చేప పాలూ చిక్కగానే ఉన్నాయి. అయినా సగం గుడ్లు తెల్లబడి పాడైపోతాయి. ఎందుకు? కారణాలు చాలా ఉండవచ్చు. కానీ చేత్తో గుడ్లు పిండే చోట ముందుగా అనుమానించవలసింది తడిని. తడి చెయ్యి, తడి టబ్బు, తుడవని చేప.

మగ చేప పొట్టలో ఉన్నంతసేపు శుక్రకణాలు కదలవు. వాటి చుట్టూ ఉండే ద్రవంలో లవణాలు ఎక్కువ, అందులో పొటాషియం మరీ ఎక్కువ. చెరువు నీటిలో లవణాలు చాలా తక్కువ. పాలు నీటిలో పడగానే కణంలోకి నీరు చొరబడి కణం ఉబ్బుతుంది. దాని పొరలోని సన్నని ద్వారాలు తెరుచుకుని పొటాషియం బయటికి పోతుంది, కాల్షియం లోపలికి వస్తుంది. ఈ కాల్షియమే తోకకు అందే సంకేతం. వెంటనే తోక ఆడడం మొదలవుతుంది.

డీజిల్ ఇంజిన్ స్టార్ట్ చేసినట్టు అనుకోండి. ట్యాంకులో ఉన్నది కొంచెమే డీజిల్, మళ్లీ పోసే వీలు లేదు. కణంలో నిల్వ ఉన్న శక్తి సుమారు ఒక నిమిషంలో ఖర్చయిపోతుంది. గుడ్డుకు ఉండే ఒకే ఒక్క సన్నని రంధ్రం కూడా నీరు తగిలిన కాసేపటికి మూసుకుపోతుంది. అందుకని గుడ్లతో కలవకముందే పాలకు నీటి చుక్క తగిలిందా, ఇంజిన్ ఊరికే తిరిగి ఆగిపోయినట్టే. ఆ పాలు చూడటానికి చిక్కగానే ఉంటాయి, పని మాత్రం చేయవు.

(హిమాలయ ప్రాంతాల్లో పెంచే ట్రౌట్ చేపల్లో ఈ స్విచ్ వేరు. అక్కడ చుట్టూ ఉన్న పొటాషియం తగ్గడమే ముఖ్య సంకేతం. ట్రౌట్ కోసం రాసిన పద్ధతులను మన చేపలకు వాడకండి.)

ఇక చేయవలసిన పని. ఆడ, మగ చేపలను పొడి గుడ్డతో తుడవండి, ముఖ్యంగా పొట్ట కింద, తోక దగ్గర. గుడ్లను పొడి ప్లాస్టిక్ టబ్బులోకి పిండండి. మగ చేపను నొక్కినప్పుడు మొదట వచ్చే చుక్కల్లో మూత్రం కలిసి ఉండవచ్చు. అది కూడా పలచని ద్రవమే, నీటిలాగే స్విచ్ వేస్తుంది. ఆ చుక్కలను పక్కకు వదిలేసి, తరువాత వచ్చే తెల్లని పాలనే గుడ్ల మీద పడనివ్వండి. వీలైతే రెండు మూడు మగ చేపల పాలు వాడండి. శుభ్రమైన కోడి ఈకతో మెల్లగా కలిపి, ఆ తరువాతే నీరు పోయాలి.

బంగారు తీగ గుడ్లు అంటుకునే రకం. కాబట్టి ఉత్త నీటికి బదులు లీటరు నీటికి 4 గ్రాముల ఉప్పు, 3 గ్రాముల యూరియా కలిపిన ద్రావణం పోయడం మేలు. గుడ్లు ఒకదానికొకటి అంటుకోవు. ఈ ఉప్పు స్విచ్‌ను ఆపేంత ఎక్కువ కాదు, కణం ఉబ్బి పగిలిపోకుండా కాపాడుతుంది కనుక శుక్రకణాలు ఇంకాస్త ఎక్కువసేపు ఈదుతాయి. కొలత మాత్రం తూకం వేసే తీసుకోండి, గుప్పెడు లెక్క పనికిరాదు. లీటరుకు 9 గ్రాములు వేస్తే, అంటే సెలైన్ అంత ఉప్పయితే, శుక్రకణాలు అసలు కదలవు.

మిషన్ భగీరథ నల్లా నీటిలో క్లోరిన్ ఉంటుంది, నేరుగా వాడవద్దు. బోరు నీటిని పైనుంచి ధారగా పడేలా చేసి, గాలి తగిలాకే వాడండి.

1957 జూలై 10న ఒడిశాలో డాక్టర్ హీరాలాల్ చౌధురి పిట్యూటరీ ఇంజెక్షన్‌తో కార్పు చేపలతో గుడ్లు పెట్టించారు. ఏటా ఆ రోజునే జాతీయ మత్స్య రైతుల దినోత్సవం జరుపుకుంటున్నాం. ఇంజెక్షన్ చేసేది గుడ్లు, పాలు సిద్ధం చేయడం వరకే. ఆ తరువాతి నిమిషం మీ చేతిలో ఉంటుంది.

పిండడం చేతకాకపోతే హాపాలో నాచు వేసి ఆడ, మగ చేపలను కలిపి వదలండి. చిన్న రైతుకు నా సలహా ఇదే. అక్కడ గుడ్లు, పాలు ఒకేసారి నీటిలో పడతాయి కాబట్టి ఈ తంటా ఉండదు. మరుసటి రోజు గుడ్లు చూడండి. ఫలదీకరణ జరిగినవి పారదర్శకంగా ఉంటాయి, జరగనివి పాలలా తెల్లబడతాయి. తెల్లవాటిని ఏరి పారేయండి, లేకపోతే బూజు పట్టి పక్క గుడ్లకు కూడా పాకుతుంది.