ఆకాశానికి హద్దురాయి

ముప్పై ఏళ్లు సర్వేయరుగా పొలాల గట్లెంట గొలుసు లాగించాను. అందులో చివరి ఏళ్లు అర్ధవీడులో గడిచాయి. నల్లమల ఎక్కడ ఆగుతుందో, రైతు చేను ఎక్కడ మొదలవుతుందో తేల్చడం అక్కడ తలనొప్పి పని. అటవీశాఖ వాళ్లు ఒక రాయి చూపిస్తారు, రైతు ఇంకో రాయి చూపిస్తాడు. పాత రికార్డులు తిరగేస్తే కనపడే కథ మాత్రం ఒకటే: సాగు ముందు, పట్టా తర్వాత.

నా సర్వీసు అయిపోయే రోజుల్లోనే భూముల రీసర్వే వచ్చింది. 2020 డిసెంబర్ 21న జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో మొదలై, ఊరూరా డ్రోన్లు లేచాయి. నేను నెల రోజులు గొలుసు లాగించే ఊరిని డ్రోన్ పూటలో చుట్టేసింది. మిరప చేలో నిలబడి చూస్తున్న ఒక పెద్దాయన అడిగాడు: "కింద నా హద్దు నీకు తెలుసు అబ్బయ్యా. పైన ఎవరిది?"

పొలాల కొలతల పుస్తకం, ఎఫ్ఎంబీ, తీసి చెప్పే జవాబు కాదది. రిటైరయ్యాక తీరిగ్గా వెతుక్కున్నాను. పైన కూడా అదే కథ కనపడింది: సాగు ముందు, పట్టా తర్వాత.

మన దేశంలో 1911 ఫిబ్రవరి 18న అలహాబాద్ నుంచి నైనీకి విమానంలో ఉత్తరాల మూటలు వెళ్లాయి. తెల్లదొరల ప్రభుత్వం విమానాల మీద మొదటి చట్టం తెచ్చింది ఆ ఏడాదే. తర్వాత 1934 చట్టం వచ్చింది. దాంట్లో విమానం అంటే ఏమిటో రాసిన చోట బెలూన్లు, గ్లైడర్లతో పాటు గాలిపటం కూడా ఉంది. అంటే సంక్రాంతికి మా కంభం చెరువు కట్ట మీద తోక కట్టిన కాగితం ఎగరేసిన ప్రతి పిల్లవాడూ చట్టం లెక్కన విమానం నడిపినట్టే! తొంభై ఏళ్లు నడిచిన ఆ చట్టం స్థానంలో 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ అమలవుతోంది.

ఈ కాగితాలన్నీ ఎందుకని విసుక్కునేవాళ్లకు నేను 2009 సెప్టెంబర్ 2 గుర్తుచేస్తాను. ఆ పొద్దున బేగంపేటలో లేచిన ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ చిత్తూరు చేరలేదు. అడవికి ఇటు మేము, అటు కర్నూలు వాళ్లు ఆ రాత్రి నిద్రపోలేదు. మర్నాడు పావురాలగుట్ట దగ్గర శకలాలు దొరికాయి. అందులో ఉన్న ఐదుగురూ చనిపోయారు. ఉరుముల మేఘంలో బలంగా కిందికి తోసే గాలిలో హెలికాప్టర్ అదుపు తప్పిందని విచారణ కమిటీ తేల్చింది. ఎగిరే ముందు వాతావరణం చూడమని రాసే ఒక్కో నిబంధన వెనక ఇలాంటి రాత్రులు ఉంటాయి.

డ్రోన్ల దగ్గర కథ మళ్లీ మొదటికొచ్చింది. 2014లో ముంబైలో ఒక హోటల్ వాళ్లు డ్రోన్‌తో పిజ్జా పంపి చూశారు. ఆ అక్టోబర్‌లో పౌర విమానయాన డైరెక్టరేట్ ప్రైవేటు డ్రోన్లు ఎగరేయొద్దని నోటీసు ఇచ్చింది. 2018 డిసెంబర్‌లో తలుపు కొంచెం తీసింది. 2021 మార్చిలో వచ్చిన నియమాలు చూసి జనం బెంబేలెత్తితే, ఆగస్టులో వాటిని పక్కనపెట్టి కేంద్ర ప్రభుత్వం కొత్తవి తెచ్చింది. 25 ఫారాలు 5 అయ్యాయి. 72 రకాల ఫీజులు 4కు దిగాయి.

ఇక రాకెట్లు. 1971 అక్టోబర్ 9న శ్రీహరికోటలో మొదటిసారి రోహిణి-125 లేచింది. అక్కడ నుంచి యాభై ఏళ్లు ఆ పైభూమి మొత్తం సర్కారు భూమే. 2020 జూన్‌లో ప్రైవేటు వాళ్లకు దారి ఇచ్చి, అనుమతులు చూడటానికి ఇన్‌స్పేస్ అనే సంస్థను పెట్టారు. 2022 నవంబర్ 18న హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ చేసిన ఆరు మీటర్ల విక్రమ్-ఎస్ శ్రీహరికోట నుంచే ఎగిరింది. అంతరిక్ష విధానం వచ్చింది మరుసటి ఏడాది. 2017లో ముసాయిదా పెట్టిన అంతరిక్ష బిల్లు అప్పటికి చట్టమే కాలేదు. విక్రమ్‌కు దొరికింది, మా లెక్కలో చెప్పాలంటే, ఏక్‌సాల్ పట్టా. ఆ ఒక్క పంటకే.

ప్రైవేటు రాకెట్‌కు సర్కారు అనుమతి ఎందుకంటే, 1967 అంతరిక్ష ఒప్పందం ప్రకారం ఒక దేశంలోని కంపెనీ పైన ఏం చేసినా పూచీ ఆ దేశానిదే. కొడుకు చేసే బాకీకి జామీను ఉన్న తండ్రి, వాడు సంతకం పెట్టేముందు కాగితం చూడమంటాడు కదా.

విక్రమ్ 89.5 కిలోమీటర్లు ఎక్కింది. అది అంతరిక్షమా? అమెరికా సైన్యం లెక్క 80 కిలోమీటర్లు కాబట్టి అవును. 100 కిలోమీటర్లనే వాళ్ల లెక్కలో కాదు. అన్ని దేశాలూ ఒప్పుకున్న గీత ఏదీ లేదు. రెండు రాళ్లు, ఇద్దరు సాక్షులు. నాకు బాగా తెలిసిన తగాదానే.

ఆ పెద్దాయన మళ్లీ కనపడితే చెప్తాను: "నీ మిరప చేను సర్కారు డ్రోన్ మ్యాపులో పచ్చ జోన్‌లో ఉంటే నాలుగు వందల అడుగుల దాకా డ్రోన్‌కు ముందస్తు అనుమతి అక్కర్లేదు. మందు కొట్టే కుర్రాడికి మాత్రం పది పాసై, పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. మరీ పైన హద్దురాయి ఇంకా పాతలేదు పెద్దాయనా. పాతాలంటే ముందు అక్కడ తగాదా రావాలి. మన అడవంచు రాళ్లన్నీ అట్టా వచ్చినయ్యే."