షాంబుల్స్: కొట్లు పోయాయి, కొక్కేలు మిగిలాయి

రిలీజుకి ముందు రోజు ఆఫీసులో ఎవడో ఒకడు "ప్రాజెక్టు మొత్తం షాంబుల్స్‌లో ఉంది" అంటాడు చూడండి, ఆ షాంబుల్స్ ఒక వీధి పేరు కూడా. ఇంగ్లండ్‌లో యార్క్ నగరంలో ఉంది. లీడ్స్‌లో ఆన్‌సైట్ చేసిన రోజుల్లో ఒక శనివారం రైలెక్కి వెళ్ళొచ్చాను. వీధి మొదట్లో నిలబడి పైకి చూస్తే ఆకాశం రిబ్బను ముక్కంత కనిపించింది.

ముందు పేరు సంగతి. పాత ఇంగ్లీషులో దీని మూలపదానికి పీట, బల్ల అని అర్థం. మాంసం పెట్టి అమ్మే బల్లలున్న చోటు కాబట్టి ఆ పేరు. బల్ల కాస్తా అంగడి అయింది, అంగడి కబేళా అయింది, కబేళా రక్తపాతం అయింది, చివరికి 20వ శతాబ్దంలో 'గందరగోళం' దగ్గరకొచ్చి ఆగింది. 1086లో విలియం రాజు పన్నుల లెక్క కోసం రాయించిన డూమ్స్‌డే బుక్‌లోనే యార్క్ మాంసం అంగడి ప్రస్తావన ఉంది.

ఇప్పుడు మనం చూసే ఇళ్ళు మాత్రం అంత పాతవి కావు, చాలావరకు 14, 15 శతాబ్దాలవి. ఓక్ దూలాలతో చట్రం కట్టి, మధ్యలో తడిక అల్లి, దానిమీద మట్టి, గడ్డి, పేడ కలిపి మెత్తేవాళ్ళు. మన పల్లెల్లో తడిక గోడలు తెలిసినవాళ్ళకి ఇందులో వింతేమీ లేదు. వింతల్లా పై అంతస్తు కింది అంతస్తు కంటే ముందుకి పొడుచుకు రావడం. దాన్ని జెట్టీ అంటారు. కింద వీధి వెడల్పు తగ్గకుండా పైన గది పెరుగుతుంది, వాన నీళ్ళు కింది గోడమీద పడవు. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో అన్నిటికంటే ముఖ్యం, బల్లమీద పెట్టిన మాంసానికి ఎండ తగలదు. కొన్నిచోట్ల ఎదురెదురు ఇళ్ళ కిటికీల్లోంచి చెయ్యి చాస్తే అటువాళ్ళకి అందుతుందా అన్నంత దగ్గర.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటుంది. ఆ కాలం వడ్రంగులు చట్రాన్ని ముందు తమ దగ్గరే కోసి, అమర్చి చూసుకుని, ఏ ముక్క ఎక్కడికో తెలిసేలా రోమన్ అంకెలు చెక్కి, విప్పి తెచ్చి స్థలంలో మళ్ళీ బిగించేవాళ్ళు. టెస్ట్ చేసి డిప్లాయ్ చెయ్యడమన్నమాట :) కాకపోతే పచ్చి ఓక్ వాడేవాళ్ళు. అది ఆరేకొద్దీ మెలికలు తిరుగుతుంది. ఇవాళ మనం ఫోటోలు తీసుకునే ఆ వంకర టింకర సొగసులో సగం అదే.

1872లో కూడా ఇక్కడ 25 మాంసం కొట్లుండేవి. రెండు పక్కలా ఎత్తైన కాలిబాటలు, మధ్యలో పల్లంగా కాలవలాంటి దారి. రక్తం, చెత్త అన్నీ అందులోకి కడిగేసేవాళ్ళు. ఇప్పుడు ఒక్క కసాయి కొట్టూ లేదు. మాంసం తగిలించే ఇనప కొక్కేలు, కిటికీల కింద బల్లలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఈ వీధిలోనే మార్గరెట్ క్లిథెరో అనే కసాయిగారి భార్య ఉండేది. ఎలిజబెత్ రాణి కాలంలో కాథలిక్ పూజారులని ఇంట్లో దాచిందని పట్టుకున్నారు. కోర్టులో ఆవిడ నేరం ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు. విచారణంటూ జరిగితే పిల్లల చేత తల్లి మీద సాక్ష్యం చెప్పిస్తారని. నోరు విప్పనివాళ్ళకి అప్పటి చట్టంలో ఒకటే శిక్ష. 1586 మార్చి 25న ఆవిణ్ణి పడుకోబెట్టి, పైన తలుపు వేసి, దానిమీద బరువులు పేర్చి చంపేశారు. 1970లో పోప్ ఆవిణ్ణి సెయింట్‌గా ప్రకటించాడు. 35వ నంబరు ఇంట్లో చిన్న ప్రార్థనా స్థలం ఉంది. నేనూ లోపలికెళ్ళి రెండు నిమిషాలు కూర్చున్నాను. తరవాత చదివితే తెలిసింది, ఆవిడ అసలు ఇల్లు అది కాదట, ఎదురు వరసలో 10వ నంబరు వైపు అయ్యుండాలట! మధ్యలో ఎప్పుడో ఇళ్ళ నంబర్లు మార్చేశారు. డేటా కదిలిపోయింది, పాయింటర్ పాత అడ్రస్‌నే చూపిస్తోంది. నవ్వొచ్చింది గానీ, అక్కడ మోకాళ్ళ మీద కూర్చున్న ముసలావిడ గుర్తొచ్చి ఆపుకున్నాను.

ఇంతకీ ఈ వీధి ఎలా మిగిలింది? ఉన్ని వ్యాపారం పక్క ఊళ్ళకి తరలిపోయాక యార్క్‌లో పాతవి పడగొట్టి కొత్తవి కట్టే డబ్బు అంతగా లేదు. మనం 'వారసత్వ పరిరక్షణ' అని మురిసిపోయేది చాలాచోట్ల ఇలాంటి పేదరికమే. మిగిలినదాన్ని కూడా 1950లలో నగర కార్పొరేషన్ బాగా మరమ్మతు చేసింది, కొన్ని ఇళ్ళని దాదాపు తిరిగి కట్టినట్టే. అప్పుడే ఒక వరస వెనక ఉన్న పాత ఇళ్ళు, సందులు కూలగొట్టి మార్కెట్ కట్టారు. మరి నేను ముట్టుకున్న దూలం 600 ఏళ్ళదా, 70 ఏళ్ళదా? మొదట మోసపోయినట్టనిపించింది. కానీ చెక్క ఇల్లు ముక్కలు మార్చకుండా ఇన్నేళ్ళు ఎలా నిలుస్తుంది? నాకు మింగుడుపడనిది మరమ్మతు కాదు, ముందు వరస ఫోటోకి బావుంటుందని ఉంచి వెనక వరస తీసెయ్యడం.

2010లో గూగుల్ స్ట్రీట్ వ్యూ పోటీలో బ్రిటన్‌లో అత్యంత అందమైన వీధిగా దీన్నే ఎన్నుకున్నారు. ఆ తరవాత హారీ పాటర్ మంత్రదండాల కొట్లు వరసగా వెలిశాయి. డయాగన్ అల్లీకి ఇదే మూలమని నమ్మి జనం వస్తారు, రచయిత్రి కాదని చెప్పినా సరే. నేను వెళ్ళిన రోజు ఒక కొట్టు ముందు క్యూలో పిల్లలు నల్ల కోట్లేసుకుని నిలబడ్డారు. ఒకడు కొక్కెం చూపించి "ఇదెందుకు?" అని వాళ్ళ నాన్నని అడిగాడు. ఆయన కాసేపు చూసి, "పూలకుండీలు తగిలించడానికి" అన్నాడు.