మూడు నిమిషాల సత్యభామ

కిటికీలన్నీ మూసేశారు. నవంబరు గనక సరిపోయింది, అదే మే నెలయితే కలకత్తాలో ఈ గదిలో కాసేపు నిలబడడం కూడా కష్టమే. వీధిలో గుర్రబ్బండి గంట మోగినా, కాకి అరిచినా మొదటినుంచీ మళ్లీ పాడాలి. మీరు గోడకు ఆనుకుని నిలబడండి. దగ్గు వస్తే ఇప్పుడే దగ్గేయండి.

ఇది 1902. గది మధ్యలో మనిషి మొహం ఎత్తున పెద్ద రేకు బూరా వేలాడుతోంది. దాని సన్నటి కొస ఒక పల్చటి పొరకూ, ఆ పొర ఒక సూదికీ తగులుకుని ఉన్నాయి. సూది కింద మందపాటి మైనపు పళ్లెం. కరెంటుతో పని లేదు. ఒక బరువు మెల్లగా కిందికి దిగుతూ ఉంటే పళ్లెం తిరుగుతుంది. మైనం మరీ గట్టిగా ఉంటే సూది దిగదు కనుక పళ్లాన్ని ముందే కొంచెం వెచ్చబెట్టారు. వాసన ఇక్కడిదాకా వస్తోంది.

ఆ పనిలో మునిగి ఉన్న అమెరికా యువకుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్. లండన్‌లోని గ్రామఫోన్ అండ్ టైప్‌రైటర్ కంపెనీ మనిషి. సెప్టెంబరులో కోరమాండల్ అనే ఓడెక్కి బయల్దేరాడు. ఈ దేశపు సంగీతం గురించి అతనికి తెలిసింది దాదాపు శూన్యం. నవంబరు 8న క్లాసిక్ థియేటరు నుంచి శశిముఖి, ఫణిబాల అనే ఇద్దరు చిన్న వయసు అమ్మాయిలు వచ్చి పాడారు. అతనికి నచ్చలేదు. ఇవాళ రాబోయే మనిషి కోసమే ఎదురుచూస్తున్నాడు.

తలుపు తెరుచుకుంది. ముందు నగల చప్పుడు, తర్వాత అత్తరు, ఆ తర్వాత గౌహర్ జాన్. పాడడానికి వచ్చిన ఏ రోజూ ఆమె అంతకు ముందు పెట్టుకున్న నగ మళ్లీ పెట్టుకోలేదని గైస్‌బర్గ్ తర్వాత రాసుకున్నాడు. ఇద్దరూ 1873లోనే పుట్టారు, ఒకరు అమెరికాలో, ఒకరు ఆజంగఢ్‌లో. ఆమె పుట్టినప్పటి పేరు ఏంజెలీనా. తల్లి మల్కా జాన్ కూడా పేరుమోసిన గాయని. గొప్ప ఉస్తాదులు చాలామంది ఈ యంత్రం దరిదాపులకు రావడానికి ఇష్టపడలేదు. ఆటపాటలే వృత్తిగా ఉన్న తవాయిఫులూ, నాటకాల అమ్మాయిలూ వచ్చారు. మన దేశంలో పాటను ప్లేటుకెక్కించిన తొలి గొంతులు వాళ్లవే. ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

సారంగీ వాయించేవాణ్ణి బూరాకు బాగా దగ్గరగా కూర్చోబెట్టారు. తబలా కాస్త వెనక్కి జరిగింది. గౌహర్ బూరాలోకి వంగింది. మెహఫిల్లో అయితే ఎదుట రసికుల కళ్లుంటాయి, వాహ్ వాహ్ అనే నోళ్లుంటాయి. ఇక్కడ ఎదురుగా ఉన్నది చీకటి గొట్టం. గైస్‌బర్గ్ చెయ్యెత్తాడు, సూది దిగింది.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. మెహఫిల్లో అరగంట, గంట పాడే ఠుమ్రీకి ఇక్కడ మూడు నిమిషాలకు మించి చోటు లేదు. నెమ్మదిగా రాగం పట్టుకునే తీరిక లేదు. మొదటి గుక్కలోనే రాగం మొహం కనబడాలి. ఆమె ఏం చేస్తోందో చూడండి: ఆలాపనను రెండు మూడు సంగతుల్లోకి కుదించింది, పల్లవి అందుకుంది, లయ పెంచింది, గొలుసుకట్టుగా తానాలు వేసింది. పైస్థాయికి పోయేటప్పుడు మొహం వెనక్కి లాక్కుంటోంది, లేకపోతే ఆ జోరుకు సూది దారి తప్పుతుంది. మంద్రంలోకి దిగితే మళ్లీ ముందుకు. ఈ యంత్రం సంగీతాన్ని ముక్కలు చేసిందని బాధపడేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఒక రాగాన్ని మూడు నిమిషాల్లో నిలబెట్టడం కొత్త విద్య. ఆ విద్యకు గురువంటూ లేరు, ఈవిడే ఇక్కడికిక్కడ దాన్ని కనిపెడుతోంది. తర్వాత వచ్చిన సినిమా పాట ఈ కొలతలోనే పుట్టి పెరిగింది.

పళ్లెం అంచు నుంచి మైనపు పొట్టు సన్నటి దారంలా లేస్తోంది. పాట ముగిసింది. ముగిసీ ముగియగానే ఆమె ఇంగ్లీషులో తన పేరు గట్టిగా చెప్పింది. ఈ మైనాలు జర్మనీలోని హానోవర్‌కు వెళతాయి. అక్కడి పనివాళ్లకు ఏ పళ్లెంలో ఎవరి గొంతుందో తెలియాలిగా!

తను ఎలా పాడిందో ఆమె ఇప్పుడు వినలేదు. ఈ మైనం మీద సూది పెట్టి వాయిస్తే గాడి పాడైపోతుంది. వారాల తరబడి ఇలాంటివి ఐదు వందలకు పైగా తీసి, పెట్టెల్లో సర్ది ఓడెక్కించారు. హానోవర్‌లో మైనానికి లోహపు పూత పూసి, అచ్చు తీసి, ప్లేట్లు ఒత్తారు. ఆ ప్లేట్లలో ముఖ్యమైన సరుకు లక్క. హైదరాబాదు లాడ్ బజార్ గాజుల్లో మెరిసేది కూడా ఇదే. బెంగాల్, బీహార్ అడవుల్లో మోదుగ కొమ్మలకూ రేగు కొమ్మలకూ పట్టిన పురుగుల జిగురు సముద్రాలు దాటి వెళ్లి, రాతిపొడితో, నల్లరంగుతో కలిసి, మన గొంతును మోసుకుని వెనక్కి వచ్చిందన్నమాట. 1908లో కలకత్తాలోని సియాల్దాలో ఫ్యాక్టరీ మొదలయ్యాక అంత దూరం పోవాల్సిన అవసరం తప్పింది.

దక్షిణాదిన గాయని కోయంబత్తూరు తాయి త్యాగరాజ కృతుల్ని ఇలాగే మూడు నిమిషాల్లోకి తెచ్చింది. ఆ కాలపు ప్లేట్లలో తెలుగు వినాలంటే ఇప్పటికీ ఆమె దగ్గరికి వెళ్లొచ్చు.

ఇప్పుడు మనం 1930ల్లోకి, తెనాలి చుట్టుపక్కల ఒక ఊళ్లోకి వచ్చాం. రాత్రి భోజనాలయ్యాయి. పెద్ద మండువా ఇంటి అరుగు మీద, బల్లపై గ్రామఫోను. అరుగు కింద, వీధిలో, ఎదురింటి గోడ మీద జనం. మీకు అరుగు అంచున చోటు దొరికింది. ఇంటాయన చిన్న రేకు డబ్బీ తెరిచి కొత్త సూది తీశాడు. ఒక్కో వైపుకు ఒక్కో సూది, వాడిన సూదితో వాయిస్తే గాడి అరిగిపోతుంది. ఆయన మనవడు కీ ఇస్తున్నాడు. ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరగడం మొదలెట్టింది. ముందు వానచినుకుల్లాంటి గరగర, ఆ వెనకే హార్మోనియం.

ఆడవేషాలకు పేరుపడ్డ నటుడు స్థానం నరసింహారావు సత్యభామ. గైస్‌బర్గ్ ఓడెక్కిన ఆ 1902 సెప్టెంబరులోనే బాపట్లలో పుట్టినవాడు. తులాభారం నాటకంలో తన పాటను తనే రాసుకున్నాడు. రంగస్థలం మీదయితే ఒక్క పాదాన్నే పదేపదే పాడుతూ ప్రతిసారీ కొత్త అభినయం పట్టేవాడు. ఒకసారి గర్వం, ఒకసారి అనుమానం, ఒకసారి లోలోపలి భయం. జనం వన్స్‌మోర్ అన్నకొద్దీ పాట సాగేది. ఈ ప్లేటులో చీరకుచ్చెళ్లు లేవు, వాలుజడ లేదు, అద్దంలో చూసుకునే చూపు లేదు. అయినా మీ పక్కన కూర్చున్న మామ్మ ఆ చూపును చూస్తోంది. నాటకం చూడడానికి రాత్రిళ్లు ఊరు దాటి వెళ్లే వీలు ఆవిడకెప్పుడు దొరికింది? సత్యభామే అరుగు మీదికి వచ్చింది.

పాట మధ్యలో స్ప్రింగు బిగువు సడలింది. ప్లేటు నెమ్మదించింది, శ్రుతి జారింది. సత్యభామ గొంతు దిగి దిగి మగవాడి గొంతయిపోయింది. వీధిలో పిల్లలు ఘొల్లుమన్నారు.

"ఒరే, కీ ఇవ్వరా! అమ్మవారిని ఆపేశావు!" అని మామ్మ కేకేసింది.

కుర్రాడు రెండు చేతులా కీ తిప్పుతున్నాడు. గొంతు మెట్టు మెట్టుగా పైకెక్కి, మళ్లీ సత్యభామ అయింది. చివరి గాడిలో సూది గిరికీలు కొడుతుండగానే ఎదురింటి గోడ మీదినుంచి ఎవరో వన్స్‌మోర్ అని అరిచారు. ఇంటాయన డబ్బీలోంచి ఇంకో సూది తీశాడు.