విసిరిన రాయి – ‘మైల్’ అనే మాట

చేతినుండి విడివడిన రాయి ఇంకా ముందుకు ఎందుకు పోతుంది? చూడటానికి ఇది పిల్లల ప్రశ్న. కాని దీనికి సరైన సమాధానం దొరకడానికి దాదాపు రెండు వేల ఏండ్లు పట్టింది.

కదిలించేది తాకి ఉంటేనే వస్తువు కదులుతుందని అరస్తూ (క్రీ.పూ. 384–322) భావించారు. కనుక చేయి విడిచిన రాతిని చుట్టూ ఉన్న గాలియే నెట్టుకుపోతుందని చెప్పవలసి వచ్చింది. 6వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన ఫిలోపోనస్ దీనిని ఖండించారు. అరబ్బీ గ్రంథాలలో ఆయన పేరు యహ్యా అన్నహ్వీ. గాలియే నెట్టేదయితే, రాతి వెనుక గాలిని ఆడిస్తే చాలును గదా! విసిరేవాడు రాతిలోనే ఒక శక్తిని నింపుతాడనీ, అది క్రమంగా తనంతట తానే తరిగిపోతుందనీ ఆయన వాదించారు.

ఇబ్నె సీనా (క్రీ.శ. 980–1037) తన ‘కితాబుష్షిఫా’లో ఈ చర్చను మరింత ముందుకు తీసుకుపోయారు. విసిరిన వస్తువులో కలిగే గుణానికి ఆయన వాడిన మాట ‘మైల్’. అది తనంతట తాను తరగదు. గాలివంటి నిరోధమే దానిని అరగదీస్తుంది. అయితే నిరోధమే లేని శూన్యంలో రాయి ఎన్నటికీ ఆగకూడదు. ఇంతవరకు వచ్చి ఆయన చేసిన నిర్ణయం గమనించదగినది: అలాంటి ఆగని చలనం అసంభవం, కనుక శూన్యమే లేదు!

12వ శతాబ్దంలో బాగ్దాద్ విద్వాంసుడు అబుల్ బరకాత్ ‘కితాబుల్ మోతబర్’లో మరొక మార్గం పట్టారు. పైకి విసిరిన రాతిలో బలవంతపు మైల్, క్రిందికి లాగే సహజమైన మైల్ రెండూ ఒకేసారి ఉంటాయని ఆయన అన్నారు. ఇబ్నె సీనా దీనిని ఒప్పుకోలేదు. పారిస్‌లో బురిడాన్ ఇటువంటి భావాన్నే 14వ శతాబ్దంలో ‘ఇంపెటస్’ అన్నారు.

వీరెవరూ రాయి ఎంత దూరాన పడుతుందో లెక్కకట్టలేదు. ఆ పని 1638లో అచ్చయిన గెలీలియో గ్రంథంతో సాధ్యమైంది. ఆయన ఒక చలనాన్ని రెండుగా విడదీశారు: అడ్డంగా పోయే వేగం మారదు, నిలువు వేగం భూమ్యాకర్షణ వల్ల మారుతుంది. రెండూ కలిసిన బాట పరావలయం.

ఒక ఉదాహరణ చూద్దాం. రాతిని సెకనుకు 20 మీటర్ల వేగంతో, నేలకు 30 డిగ్రీల కోణంలో విసిరామనుకుందాం. దాని నిలువు వేగం 10 మీటర్లు, అడ్డపు వేగం సుమారు 17.3 మీటర్లు. ఆకర్షణ ప్రతి సెకనుకు నిలువు వేగంలో దాదాపు 10 మీటర్లు తగ్గిస్తుంది. కనుక రాయి ఒక సెకను పైకి పోయి, 5 మీటర్ల ఎత్తు చేరి, మరొక సెకనులో నేలకు వస్తుంది. ఈ రెండు సెకన్లలో అది పోయిన దూరం 34.6 మీటర్లు. అదే వేగంతో 45 డిగ్రీల కోణంలో విసిరితే అన్నిటికన్నా ఎక్కువగా 40 మీటర్లు పోతుంది. గాలి నిరోధాన్ని ఇక్కడ లెక్కలోకి తీసుకోలేదు.

ఇక అనువాదకుని బాధ్యత. ‘మైల్’ను ‘జడత్వం’ అని తెలుగు చేస్తే, 1687లో న్యూటన్ ప్రకటించిన నియమం ఇబ్నె సీనాదేనని ఒక్క మాటతో నిరూపించినట్లే అవుతుంది! మన ఉపన్యాసాలలో ఇటువంటి మాటలు వింటూనే ఉంటాం. కాని జడత్వం ప్రకారం చలనానికి కారణం అక్కరలేదు. మైల్ అయితే ఆ కారణమే. ఉర్దూలో ‘మాయిల్ హోనా’ అంటే ఒకవైపు మొగ్గడం. కనుక ‘మొగ్గు’ అన్నదే దానికి సరైన తెలుగు.

ఇబ్నె సీనా చెప్పనిది ఆయనకు అంటగట్టడం గౌరవం కాదు. గురువుగా ఎంచిన అరస్తూ మాటనే పరీక్షకు పెట్టి, తర్కం తీసుకుపోయినంత దూరం ఆయన నడిచారు. అబుల్ బరకాత్ ఆయన మాటను కూడా అలాగే పరీక్షించారు. మన పిల్లలకు అందించవలసిన వారసత్వం ఆ పరీక్షించే అలవాటే.