దొరకు తెలుగు నేర్పింది ఎవరు?

పోయిన భాగం చదివి ప్రొద్దుటూరు నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, కాలేజీలో నన్ను 'మీ తాతలు పాలపిండి కోసం మతం మారినోళ్లు' అంటాండారు. ఏం చెప్పల్ల?"

తమ్ముడూ, ముందు తేదీలు చెప్పు. పల్లెల్లో పాలపిండి, గోధుమరవ్వ పంచింది స్వాతంత్ర్యం తర్వాత. కడప ప్రాంతంలో మాలపల్లెలు గుంపులుగా క్రైస్తవం వైపు కదిలింది 1850ల తొలి ఏళ్లలో. నడుమ వందేళ్లు. పాలడబ్బా ఇంకా పుట్టని కాలంలో మా తాతల తాతలు దేనికోసం కదిలినారు? ఈ భాగం దాని గురించే. దొర వైపు నుంచి మొదలుపెడతాను.

1800లో నిజాం దగ్గర నుంచి ఈ సీమ కంపెనీ చేతికి వచ్చింది. 1820లో సి.పి. బ్రౌన్ అనే కుర్ర ఉద్యోగి కడపకు వచ్చాడు. 1822లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున విలియం హోవెల్ కడపలో పని మొదలుపెట్టాడు. తర్వాత అరవై రెండేళ్లకు, 1884లో, అదే సొసైటీ నుంచి డబ్ల్యూ. హోవర్డ్ క్యాంప్‌బెల్ వచ్చాడు. 1859లో ఐర్లండ్‌లో పుట్టినాడు, ఎడిన్‌బరోలో చదివినాడు. కడపకు చేరేనాటికి పాతికేళ్లు. మీలో చాలామంది వయసే.

అట్లా వచ్చిన ప్రతి కుర్ర పాదిరికీ మొదటి పని ప్రసంగం కాదు, తెలుగు నేర్చుకోవడం. మున్షీని పెట్టుకుంటారు, వ్యాకరణం చదువుతారు, పరీక్ష రాస్తారు. ఎండ, దోమలు, జ్వరం, నోరు తిరగని ళ, ణ అక్షరాలు. మిషనరీల జీవితచరిత్రల్లో ఈ కష్టాలన్నీ ఉంటాయి. చదివితే జాలి కూడా వేస్తుంది. నా ప్రశ్న వేరే. ఆ తెలుగు ఎవరిది?

ఇంగ్లీషులో ఒక మనిషి గురించి చెప్పడానికి "హీ" అనే ఒక్క మాట చాలు. తెలుగులో? వాడు, అతను, ఆయన, వారు. "అతను వచ్చాడు" అనే చిన్న వాక్యం చెప్పాలన్నా ఆ వచ్చిన మనిషి ఎవరో ముందే తెలియాలి. రెడ్డి వస్తే "ఆయన వచ్చినాడు". అయ్యవారు వస్తే "వారు వచ్చినారు". మాలాయన వస్తే "వాడొచ్చినాడు". పిలవడంలోనూ అంతే. ఒకరికి దయచేయండి, ఒకరికి రండి, మనకు రారా. పాతికేళ్ల పరదేశి క్రియాపదాలు నేర్చుకుంటున్నానని అనుకుంటాడు. నిజానికి నేర్చుకునేది ఊరి వరస. ఎవరు అరుగు మీద, ఎవరు అరుగు కింద అన్నది ఆ పాఠంలోనే ఉంది. దానికి వేరే శాస్త్రం చదవనక్కర్లేదు.

ఇది ఊహ అనుకుంటే ఇంట్లో ఉన్న పాత తెలుగు బైబిల్ తీయండి. యేసు ప్రభువుకు "ఆయన". అబ్రాహాముకు "అతడు". గుడ్డివాడు, కుష్ఠరోగి, పక్షవాయువు మనిషి దగ్గరికి వచ్చేసరికి "వాడు". దేవుడు ముట్టుకుని బాగుచేసిన మనిషిని కూడా భాష కిందనే కూర్చోబెట్టింది. చిన్నప్పటి నుంచి వింటున్నాం కాబట్టి మన చెవికి అది తప్పుగా తోచదు.

మొదటి తెలుగు అనువాదం ఎట్లా జరిగిందో చూస్తే కారణం తెలుస్తుంది. 1805లో విశాఖపట్నానికి వచ్చిన జార్జ్ క్రాన్, అగస్టస్ దెగ్రాంజ్ ఇద్దరికీ తెలుగు రాదు. సువార్తలు తెలుగు చేయడంలో వాళ్లకు పెద్ద ఆసరా ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు. క్రాన్ 1809లో, దెగ్రాంజ్ 1810లో చనిపోయినారు. వాళ్ల పని తర్వాత సేరంపూర్‌లో అచ్చయింది. ఆనందరాయర్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అక్షరం ఎవరి చేతిలో ఉంటే పుస్తకానికి వాళ్ల నుడి వస్తుంది. అంతే.

ఇప్పుడు రెండో బడికి వద్దాం. మున్షీ బడి బంగళాలో. రెండో బడి మాలపల్లెలో. చలికాలం వస్తే పాదిరి గుడారం వేసుకుని ఊళ్లు తిరుగుతాడు. మున్షీ నేర్పిన గ్రాంథికం అక్కడ ఎవరికీ ఎక్కదు. "యాడికి పోతాండావు సామీ" అంటే ఈయనకు అర్థం కాదు. అక్కడ ఆయనకు గురువులు వంటమనిషి, బండి తోలేవాడు, ఉపదేశి, బైబిల్ స్త్రీ, రచ్చబండ కాడికి రానివ్వకపోతే చింతచెట్టు కింద కూర్చున్న మన ముసలోళ్లు. నేర్చిన దొర పేరు రికార్డులో ఉంది. నేర్పిన మనవాళ్ల పేర్లు చాలావరకు లేవు.

మనవాళ్లు నేర్పింది మాటలు మాత్రమే కాదు. ఈ నేల మీద కులాన్ని ప్రశ్నించిన గొంతులు పాదిరి కంటే ముందే ఉన్నాయి. బ్రహ్మంగారి శిష్యుల్లో దూదేకుల సిద్దయ్య, మాదిగ కక్కయ్య ఉన్నారని మన పల్లెలు పాడుకుంటాయి. వేమన సమాధి ఉందని చెప్పే కటారుపల్లె అప్పట్లో కడప జిల్లాలోని కదిరి తాలూకాలోనే ఉండేది. బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చేసినాడు. మన క్యాంప్‌బెల్ 1898లో మద్రాసు క్రిస్టియన్ కాలేజీ పత్రికలో వేమనను ప్రజల మహాకవిగా నిలబెడుతూ వ్యాసం రాశాడు. బంగళాలో వ్యాకరణంతో మొదలైన మనిషి వేమన దగ్గరికి చేరినాడు. ఆ దారి ఈ జనంలో తిరిగితేనే దొరుకుతుంది.

ఇదే క్యాంప్‌బెల్‌కు పిట్టల పిచ్చి. 1900లో అనంతపురం దగ్గర కలివికోడిని చూసి నమోదు చేశాడు. తర్వాత ఎనభై ఆరేళ్లు అది అంతరించిందనే అనుకున్నారు. 1986లో మన కడప లంకమల అడవిలో మళ్లీ దొరికింది. దాన్ని చేతికి పట్టిచ్చింది ఐతన్న అనే స్థానిక వేటగాడు. పుస్తకాలకు అది పోయిన పిట్ట. ఐతన్నకు అది రోజూ తెలిసిన పిట్ట. మన చరిత్ర కూడా అట్లాంటిదే.

తమ్ముడూ, ఇప్పుడు నీ ప్రశ్నకు. 1876–78 కరువులో అన్నం కోసం వచ్చినవాళ్లు లేరని నేను అనను. ఆకలి సిగ్గుపడాల్సిన విషయం కాదు. ఆ కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ సహాయపు పనులు నడిచినన్ని రోజులు బాప్తిస్మాలు ఆపేశాడు. అవి ముగిశాక, 1878 జులైలో, ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. కూలి ఆగినాక వచ్చినోళ్లు వాళ్లు. బడి కోసం వచ్చినారు, ఆసుపత్రి కోసం వచ్చినారు, "ఒరే" అని కాకుండా పేరు పెట్టి పిలుస్తారని వచ్చినారు.

మా జేజి జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రి గురించి చెప్పేది. 1890ల్లో డాక్టర్ టి.వి. క్యాంప్‌బెల్ మొదలుపెట్టిన ఆసుపత్రి అది. మందు సంగతి ఆమె ఎప్పుడూ చెప్పలేదు. "ఆడ నన్ను 'కూసో అమ్మా' అనిరి" అని చెప్పేది. ముసలితనం వరకు ఆమెకు గుర్తున్నది ఆ ఒక్క "అమ్మా".

అయితే మనల్ని మనం కూడా అడుక్కోవాల. బాప్తిస్మం తీసుకున్న యోహాను ఊళ్లో యోహానుగాడుగానే మిగిలినాడు. సంఘంలోకి మాల, మాదిగ తేడా కూడా మనతో పాటే వచ్చి కూర్చుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు తర్వాత క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు, మన రాష్ట్రంలో బి.సి.–సి. కులం మాత్రం అట్లే ఉంది. కాగితం మీద మారింది, బావి కాడ మారలేదు.

ఒక పని చేయండి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల మీ పల్లెల్లో ముసలోళ్లను కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చేయండి. మొదటి ఉపదేశి ఎవరు? బైబిల్ స్త్రీ ఎవరు? దొర బండి తోలింది ఎవరు? సమాధుల తోటలో పేర్లు ఫోటో తీయండి. రాసేటప్పుడు "వాడు" అని రాయొద్దు. ఆయన, ఆమె అని రాయండి.

వచ్చే భాగంలో బైబిల్ స్త్రీల గురించి.

జై భీమ్.