అడవి పెరిగెను - గ్రౌస్ పక్షి తరిగెను

అడవులు నరికివేయబడినచో అందలి పక్షులు నశించునని అందరును ఎరుగుదురు. అడవి తిరిగి పెరిగిన పిమ్మట పక్షులు కూడ వృద్ధిచెందవలెను గదా! కాని అమెరికా సంయుక్తరాష్ట్రముల ఈశాన్యభాగమున ఇందుకు విరుద్ధమైన చరిత్ర యొకటి నడచినది. అచట అడవులు విస్తరించి ముదిరినకొలది, వానిలో పుట్టి పెరుగు గ్రౌస్ పక్షుల సంఖ్య తగ్గుచు వచ్చినది. ఇందుకు కారణములు వెదకిన శాస్త్రజ్ఞులకు అడవిని గూర్చియే ఒక క్రొత్త పాఠము లభించినది.

పక్షి స్వభావము

గ్రౌస్ కోడిజాతి పక్షి. బరువు సుమారు 500 నుండి 700 గ్రాములు. గోధుమ, బూడిద వర్ణముల ఈకలుండుటచే ఎండుటాకులలో ఇది సులభముగా కనబడదు. మెడ కిరుప్రక్కల నల్లని ఈకల కుచ్చు ఉండుటచే ఈ జాతిని రఫ్డ్ గ్రౌస్ అందురు. వసంతకాలమున మగపక్షి పడిపోయిన చెట్టుమానిపై నిలిచి, రెక్కలతో గాలిని వేగముగా కొట్టును. సెకండుకు సుమారు 40 కంపనములు మాత్రమే గల ఆ మంద్రధ్వని, దూరమున డోలు మ్రోగినట్లుండును. శీతకాలమున చలి మిక్కుటమైనపుడు ఇది మెత్తని మంచులో దూరి రాత్రి గడపును.

ఈ పక్షికి ఒకేరకపు అడవి చాలదు. పిల్లలు మొదటి వారములలో ముఖ్యముగా పురుగులను తిని పెరుగును. పురుగులు దొరకుటకు నేలపై గడ్డి, చిన్నమొక్కలు ఉండవలెను. డేగలు, గుడ్లగూబలు, నక్కల కంటబడకుండ దాగుటకు లేతచెట్ల దట్టమైన గుబురులు కావలెను. అట్టి గుబురులు అడవిని నరికిన తరువాత సుమారు 5వ ఏటినుండి 20వ ఏటివరకు మాత్రమే నిలుచును. శీతకాలమున ఆహారమునకు పెద్ద ఆస్పెన్ చెట్ల మొగ్గలు కావలెను. కావున లేత అడవియు, ముదురు అడవియు ప్రక్కప్రక్కనే ఉన్నచోట ఇది సుఖముగా జీవించును.

పాడుబడిన పొలములు

19వ శతాబ్దపు మధ్యభాగము నాటికి దక్షిణ న్యూ ఇంగ్లండులో సగమునకు మించిన భూమి అడవి కొట్టి సాగులోనికి తేబడినది. 1825లో ఈరీ కాలువ తెరువబడుటతోను, తరువాత రైలుమార్గములు వేయబడుటతోను, పడమటి సారవంతమైన భూములనుండి ధాన్యము చౌకగా రాసాగెను. రాతినేలలు దున్నుకొను ఈశాన్య రైతులు పోటీకి నిలువలేక, పొలములు విడిచి పట్టణములకును పడమటి ప్రాంతములకును తరలిపోయిరి. ఆ బీళ్ళలో పొదలు, బర్చ్, ఆస్పెన్, పైన్ మొక్కలు మొలచినవి.

పెన్సిల్వేనియాలో ఇదే ఫలితము వేరొక మార్గమున కలిగెను. అచటి కొండలపైని మహావృక్షములు 19వ శతాబ్దాంతమునను, 20వ శతాబ్దారంభమునను కలపకొరకు నరకబడినవి. మిగిలిన కొమ్మలు, తుక్కు తరచు కార్చిచ్చులకు ఆహుతియైనవి. ఆ బూడిదనుండి లేచిన లేత అడవి గ్రౌస్‌కు చక్కని నెలవైనది. 1931లో ఆ రాష్ట్రము దీనిని తన రాష్ట్రపక్షిగా స్వీకరించినది.

పక్షులు తగ్గినపుడెల్ల నింద ముందుగా వేటగాండ్రపై పడెను. 1900లో వచ్చిన లేసీ చట్టము, అక్రమముగా వేటాడిన పక్షులను రాష్ట్రము దాటించి అమ్ముటను నేరముగా నిర్ణయించినది. తరువాత నింద నక్కలపైనను, డేగలపైనను పడెను. న్యూయార్కు రాష్ట్రమున గార్డినర్ బంప్ మున్నగువారు దీర్ఘకాలము పరిశోధించి 1947లో ఒక పెద్ద గ్రంథమును వెలువరించిరి. శత్రుజంతువులను తొలగించినచోట గూళ్ళకు నష్టము తగ్గినను, ఆకురాలు కాలమునాటికి పెద్దపక్షుల సంఖ్య ఆ మేరకు పెరుగలేదని అచటి ప్రయోగములలో తేలినది. లోపము మరియొకచోట ఉన్నదన్నమాట.

ముదిరిన అడవి, క్రొత్త వ్యాధి

ఆ లోపము చెట్ల వయస్సునందున్నది. బీళ్ళలో మొలచిన పొదలు ఏండ్లు గడచినకొద్దీ వృక్షములైనవి. వాని నీడలో క్రింది మొక్కలు నశించి నేల బోసిపోయినది. కార్చిచ్చులు వెంటనే ఆర్పబడుచుండుటచేతను, అనేకచోట్ల నరకుట తగ్గుటచేతను, క్రొత్త గుబురులు పుట్టుటయే అరుదైనది. మితిమీరిన జింకలు మిగిలిన లేతమొక్కలను మేసివేసినవి. చూచువారికి అడవి పచ్చగనే ఉన్నది. గ్రౌస్‌కు మాత్రము దాగుటకు చోటు లేదు.

ఇట్టి స్థితిలో 1999లో న్యూయార్కున వెస్ట్ నైల్ వైరస్ బయటపడినది. 1937లో ఉగాండాలో మొదట గుర్తింపబడిన ఈ వైరస్‌ను దోమలు వ్యాపింపజేయును. తరువాతి సంవత్సరములలో పెన్సిల్వేనియాలో గ్రౌస్ సంఖ్య వేగముగా పడిపోయెను. 2017లో ప్రకటింపబడిన ఒక ప్రయోగమున 10 గ్రౌస్ పిల్లలకు ఈ వైరస్‌ను ఎక్కించగా, 8 దినములలోపల నాలుగింటిని కోల్పోవలసివచ్చెను. బ్రతికియున్నవానిలో పెక్కింటికి కూడ గుండె మున్నగు అవయవములు దెబ్బతినినవి. 2019లో న్యూజెర్సీ రాష్ట్రము గ్రౌస్ వేటను నిలిపివేసినది.

అయినను నిందనంతయు దోమపై మోపుటయు పొరపాటే. మంచి గుబురులున్నచోట వ్యాధి తగ్గిన సంవత్సరములలో పక్షులు కొంత కోలుకొనగలవు. చోటు లేనిచోట చనిపోయినవాని స్థానమును నింపుటకు పిల్లలు మిగులవు. వైరస్‌ను అడవినుండి తొలగించుట మానవునికి సాధ్యము కాదు గాని, చెట్ల వయస్సులో వైవిధ్యము కల్పించుట సాధ్యమే. అందుకే అచటి అటవీశాఖలు కొన్ని భాగములను చిన్న చిన్న ముక్కలుగా, వేరువేరు సంవత్సరములలో నరికి, లేత అడవిని పెంచుచున్నవి. ముదురు అడవినే ఆశ్రయించు జీవులును గలవు గనుక అంతటను గొడ్డలి వేయుట తగదు. అడవి ఎన్ని ఎకరములున్నదని లెక్కించుటతోపాటు, ఏ వయస్సు చెట్లు ఎంత మేరనున్నవో కూడ లెక్కించవలెనని గ్రౌస్ చరిత్ర తెలుపుచున్నది.