కుడితి తొట్టి, కుప్పతొట్టి

మా తాతగారు నెల్లూరు జిల్లా నుంచి చెన్నపట్నం వచ్చి కొత్వాల్ చావడి దగ్గర మెస్సు పెట్టిన సంగతి ఇదివరకే చెప్పుకున్నాం. ఆ మెస్సు నెయ్యి గురించీ, కందిపొడి గురించీ, గోంగూర పచ్చడి గురించీ చాలానే రాశాం. పెరట్లో ఉండే రాతి తొట్టి గురించి మాత్రం ఎన్నడూ రాయలేదు. ఈసారి దాని కథ.

అది కుడితి తొట్టి. బియ్యం కడిగిన నీళ్లు, వార్చిన గంజి, కూరగాయల తొక్కలు, విస్తళ్లలో మిగిలిన అన్నం, అన్నీ అందులోకే. ఇరుగుపొరుగు తమిళులు కళని తణ్ణి అనేవారు. పొద్దునా సాయంత్రం పాలతను వచ్చి బిందెలతో తోడుకుపోయేవాడు. మెస్సుకు పాలు పోసేది కూడా అతనే. "మన కుడితే మనకు కాఫీ అయి తిరిగొస్తోంది" అని నాయనమ్మ నవ్వేదట. ఎంగిలాకులు చాలావరకు వీధిలో ఆవులు తినేవి. మిగిలినవి కార్పొరేషన్ బండి ఎక్కేవి. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయి, మద్రాసు అటువైపు ఉండిపోయినప్పుడు కూడా మా మెస్సులో ఈ ఏర్పాటేమీ మారలేదు.

కొత్వాల్ చావడి గురించి తెలియనివాళ్ల కోసం ఒక మాట. జార్జి టౌన్‌లో ఊరంతటికీ కూరగాయలు దిగే పెద్ద మార్కెట్టు అది. స్థలం కన్యకా పరమేశ్వరి దేవస్థానానిది. ఆర్యవైశ్య వర్తకుల మూలాన ఆ వీధుల్లో తెలుగు బాగా వినిపించేది. తెల్లారేసరికి క్యాబేజీ రేకులు, అరటి గెలల మట్టలు, కుళ్లిన టమాటాలు మడమల లోతున ఉండేవని మా నాన్నగారు చెప్పేవారు. అందులో పశువుల నోటికి పోయింది పోగా మిగిలిందంతా చెత్తే.

మద్రాసు కార్పొరేషన్ 1688లో మొదలైంది. 1919 నాటి నగర పాలక చట్టం ప్రకారం చెత్త ఎత్తి ఊరి బయటికి చేర్చడం దాని పని. దాన్ని ఎరువు చెయ్యడం ఎలాగో తెలియని కాలం కాదది. ఆల్బర్ట్ హోవార్డ్, యశ్వంత్ వాడ్ ఇండోర్‌లో చేసిన పని 1931లో పుస్తకంగా వచ్చింది. తరువాత సి.ఎన్. ఆచార్య బెంగళూరులో పట్నపు చెత్తను, మలాన్ని గోతుల్లో పొరలుగా వేసి మట్టి కప్పి ఎరువు చేసే పద్ధతి రూపొందించారు. మన పల్లెల్లో దిబ్బ వేసిన ప్రతి రైతుకూ ఈ సంగతి సగం తెలుసు. పట్నంలో ఎరువు కావాలసిన పొలం మాత్రం ఏడాదికేడాదీ దూరం జరిగిపోయింది.

ఇక్కడ మాకు ఎప్పుడూ తమాషాగా అనిపించే మాట ఒకటుంది. తెలుగులో కుప్ప అంటే వరికుప్ప కావచ్చు, పెంటకుప్ప కావచ్చు, పోగు వేసింది ఏదైనా కుప్పే. తమిళంలో కుప్పై అంటే చెత్తే. మూడు తరాలుగా ఇక్కడ ఉన్న మేము కూడా వీధి చివరి చెత్త డబ్బాను కుప్పతొట్టి అనడానికే అలవాటు పడ్డాం. పాలతను రావడం మానేశాక మా పెరట్లో కుడితి తొట్టి ఎండిపోయింది. అన్నం, ఆకులు, గాజు పెంకులు, ప్లాస్టిక్ సంచులు అన్నీ కలిసి కుప్పతొట్టిలో పడ్డాయి.

అక్కడి నుంచి ఆ చెత్త ఎక్కడికి పోయింది? ఉత్తరాన కొడుంగైయూరుకు, దక్షిణాన పెరుంగుడికి. పెరుంగుడి డంపు ఉన్నది పళ్లికరణై చిత్తడి నేలలో. గాలి ఆడని గుట్టలో అన్నం, కూర కుళ్లితే మీథేన్ పుడుతుంది, నల్లని ఊట నేలలోకి దిగుతుంది. 2022 ఏప్రిల్‌లో పెరుంగుడిలో నిప్పు అంటుకుని రోజుల తరబడి పొగ కమ్మింది. అదే ఏడాది పళ్లికరణైకి రామ్‌సార్ గుర్తింపు వచ్చింది. గుట్టలో మా మెస్సు వాటా ఎంతని ఎవరు తూచగలరు? కొంత ఉందన్నది మాత్రం నిజం.

మార్పు కోసం ప్రయత్నాలు లేకపోలేదు. 1989లో ఎం.బి. నిర్మల్ మొదలుపెట్టిన ఎక్స్‌నోరా, వీధివారే చెత్త బాధ్యత తీసుకోవాలని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. 1996లో కూరగాయల మార్కెట్టు కోయంబేడుకు తరలిపోయింది. మూడు వేలకు పైగా దుకాణాలున్న ఆ చోట తరువాతి కాలంలో రోజుకు 30 టన్నుల కూరగాయల చెత్త నుంచి గ్యాసు తీసి కరెంటు చేసే ప్లాంటు కూడా కట్టారు. అదే 1996లో అల్మిత్రా పటేల్ సుప్రీం కోర్టులో వేసిన వ్యాజ్యం దరిమిలా, 2000లో దేశమంతటికీ మునిసిపల్ చెత్త నియమాలు వచ్చాయి. కుళ్లే చెత్తను ఎరువుగానో గ్యాసుగానో మార్చాలని అవి చెప్పాయి. ఆ బాధ్యత అప్పటికి ప్రధానంగా మునిసిపాలిటీలదే.

తిండి అమ్మేవాడి దాకా ఆ బాధ్యత స్పష్టంగా వచ్చింది 2016 ఏప్రిల్ నియమాలతో. అందులో హోటళ్లకూ రెస్టారెంట్లకూ విడిగా ఒక నియమం ఉండేది. తడి చెత్త, పొడి చెత్త పుట్టిన చోటే వేరుచెయ్యాలని అది చెప్పింది. తడి చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే కంపోస్టు గానీ బయోగ్యాసు గానీ చెయ్యాలంది. దీనికి ఏడాది గడువిచ్చారు. సగటున రోజుకు 100 కిలోలు దాటి చెత్త వచ్చే చోటును భారీ ఉత్పత్తిదారుగా లెక్కించారు. వీధి వ్యాపారికి మాత్రం కంపోస్టు చెయ్యమనే షరతు పెట్టలేదు. మిగిలిన తిండి, ప్లేట్లు, కప్పులు, కొబ్బరి చిప్పలు వెయ్యడానికి తగిన డబ్బా దగ్గర ఉంచుకోవాలనీ, స్థానిక సంస్థ చెప్పిన చోటనో బండిలోనో అప్పగించాలనీ ఆ నియమాలు చెప్పాయి. చెన్నై కార్పొరేషన్ 2019లో తన సొంత ఉపనియమాలు తెచ్చింది.

ఈ తేడా న్యాయమైనదే అని మా అభిప్రాయం. తోపుడు బండి మీద ఇడ్లీలు అమ్మే ఆవిడకు స్టవ్ పెట్టుకోవడానికే చోటు చాలదు. ఆమెకు కావలసినది వేళకు వచ్చే బండి. చిక్కంతా మధ్యవాళ్లది. పెద్ద హోటలువాడు యంత్రం కొంటాడు, మనిషిని పెడతాడు. వంద కిలోలు రాని చిన్న కొట్టు కూడా రెస్టారెంటే కదా! "వీలైనంతవరకు" అన్న మాట దగ్గర చాలామంది ఆగిపోయారు.

మా చిన్నాన్నగారి అబ్బాయి నడిపే టిఫిన్ కొట్టు అలాంటిదే. వెనకాల రెండు డ్రమ్ములు పెట్టాడు. మొదటి నెల వాసన భరించలేక పక్కవాళ్లు గొడవపెట్టుకున్నారు. తప్పు ఎక్కడుందో తరువాత తెలిసింది. ఉట్టి అన్నం, సాంబారు ముక్కలు పోస్తే తడి ఎక్కువై గాలి ఆడదు, పులిసి కంపు కొడుతుంది. ఒక పొర తడి చెత్తకు ఒక పొర ఎండుటాకులో కొబ్బరి పొట్టో వెయ్యాలి, రెండు మూడు రోజులకోసారి తిరగెయ్యాలి. సరిగా సాగితే లోపల చెయ్యి పెట్టలేనంత వేడి పుడుతుంది. రెండు నెలలకు మట్టి వాసన వేసే నల్లటి ఎరువు మిగులుతుంది. నూనె, గ్రేవీ మాత్రం తక్కువ పడాలి.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టింది ప్లేటు మీద పరిచే ప్లాస్టిక్ కాగితం. ప్లేటు కడగక్కర్లేదని అందరూ వాడేదే. తమిళనాడు ప్రభుత్వం 2019 జనవరి 1 నుంచి దాన్ని నిషేధించింది. అది ఒక్కటి పడినా ఆ రోజు చెత్త మొత్తం చేత్తో ఏరాలి. అరటాకు అయితే ఏరే పనే లేదు.

ఏరే చెయ్యి ఎవరిదన్నది ఇక్కడ అసలు విషయం. చెన్నైలో చెత్త ఎత్తేవాళ్లలో చాలామంది తెలుగు మాట్లాడతారు. ఆంధ్ర జిల్లాల నుంచి తరాల కిందట వచ్చిన దళిత కుటుంబాలు. మేమూ వలస వచ్చినవాళ్లమే, మా వలసను మాత్రం వారసత్వం అని రాసుకుంటున్నాం. మా మెస్సు ముందు కుప్పతొట్టి ఎత్తినవాళ్లు మా తాతగారితో తెలుగులోనే మాట్లాడేవారట. ఒక్కరి పేరూ మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పాలతని పేరు, ఆవుల పేర్లు కూడా నాయనమ్మకు గుర్తున్నాయి. 2025 ఆగస్టులో రాయపురం, తిరు.వి.క. నగర్ మండలాల పని ప్రైవేటుకు ఇవ్వవద్దని కార్మికులు రిపన్ బిల్డింగ్ ముందు పదమూడు రోజులు కూర్చున్నారు. వాళ్ల గొంతుల్లో మా ఇంటి యాస విన్నాక ఈ సంగతి మాకు బాగా తగిలింది.

కంపోస్టు నియమం గురించి మాట్లాడేటప్పుడు ఎరువు ఎంత వచ్చింది, ఫైను ఎంత పడింది అనే అడుగుతారు. ఎంగిలి అన్నంలో గాజు పెంకు కలవకుండా ఉంటే ఒక మనిషి చెయ్యి తెగకుండా ఉంటుంది. మాకు ఆ నియమంలో కనిపించే మొదటి లాభం అది.

మావాడి కొట్టు దగ్గరికి పొద్దున వచ్చే ఆవిడది ఒంగోలు వైపు యాస. ఇప్పుడు ఆమెకు ఇచ్చేది పొడి చెత్త ఒక్కటే, విడిగా కట్టి. రెండు నెలలకోసారి డ్రమ్ము దిగినప్పుడు ఒక సంచి ఎరువు కూడా పట్టుకెళుతుంది. ఇంటి ముందు డబ్బాల్లో గోంగూర వేసిందట. పోయిన నెల ఒక కట్ట తెచ్చి ఇచ్చింది. ఆమె పేరు అడిగాం. మా ఇంటి డైరీలో రాసి పెట్టుకున్నాం.